పొగగొట్టము చివరి వల: మోటారుబండ్ల సైలెన్సరు

పత్తితీత ముమ్మరముగా సాగు దినములలో సత్తెనపల్లి చుట్టుప్రక్కల జిన్నింగు మిల్లులకు తెల్లవారుజాము మొదలు బండ్లు వచ్చుచునే యుండును. చిరకాలము గుంటూరు జిల్లాలో తాలూకా కేంద్రముగా ఉండి, 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరిన ఈ పట్టణము చుట్టును నల్లరేగడి నేలలు కలవు. అచట పండిన పత్తిని బోరెములలో కుక్కి, లారీలమీదను ట్రాక్టరు ట్రక్కులమీదను పేర్చి మిల్లు వాకిటికి చేర్చుదురు. మిల్లు ఆవరణలో పొగ త్రాగరాదని గోడలమీద పెద్ద అక్షరములతో వ్రాసియుండును. బీడీకట్టను, అగ్గిపెట్టెను గేటువద్దనే విడిచి పోవలెను. నేలమీద ఎక్కడ చూచినను దూదిపింజలే. ఒక్క నిప్పురవ్వ చాలును.

అయితే గేటులోనికి వచ్చు ప్రతి లారీయు తన కడుపులో నిప్పును పెట్టుకొనియే వచ్చుచున్నది. అగ్గిపెట్టెవలె దానిని గేటువద్ద విడుచుటకు వీలులేదు. అందువలన పత్తి నిలువలున్న చోటికి పోవు బండ్ల పొగగొట్టము చివర ఒక ఇనుప తొడుగును బిగింపుమందురు. దాని లోపల సన్నని తీగవలయో, మెలితిరిగిన రేకులో ఉండును. స్పార్క్ అరెస్టరని దాని పేరు. తెలుగున నిప్పురవ్వల నిరోధకమనవచ్చును. డ్రైవర్లలో పలువురికి ఇది గిట్టదు. "వల పెట్టితే బండి లాగదు" అని వారి ఫిర్యాదు. కొందరు పనిగట్టుకొని వలకు మేకుతో బెజ్జములు పొడుచుటయు కలదు.

డ్రైవరు మాటలో నిజమున్నదా? ఉన్నది. ఎంత ఉన్నదో తెలియవలెనన్నచో మోటారు కార్ల తొలి దినములకు పోవలెను. ఇంజనునుండి వెలువడు పొగను ఏమి చేయవలెనను ప్రశ్న కారుతోబాటే పుట్టినది. పొగగొట్టము చేయవలసిన పనులు అనేకములు. అది చప్పుడును అణచవలెను, ఇంజను శక్తిని హరింపరాదు, విషవాయువును మనుష్యులకు దూరముగా కొనిపోవలెను, నిప్పును బయటికి పోనీయరాదు. ఇందులో ఒకదానిని బాగుచేయబోయిన మరియొకటి చెడును.

ముందుగా చప్పుడు సంగతి. పెట్రోలు ఇంజనులో పిస్టను నాలుగు గతులు పూర్తిచేసినచో ఒక ఆవృత్తము. గాలియు పెట్రోలు ఆవిరియు కలిసిన మిశ్రమమును పీల్చుట, దానిని అణచుట, అది మండి పిస్టనును తోయుట, కాలిన వాయువును వెలికి నెట్టుట అనునవి ఆ నాలుగు గతులు. మూడవ గతి ముగియుటకు కొంచెము ముందుగనే నిర్గమ కవాటము తెరచుకొనును. ఆ క్షణమున సిలిండరులోని వాయువు ఒత్తిడి వాయుమండలపు ఒత్తిడికి మూడు నాలుగు రెట్లు ఉండవచ్చును. దాని వేడి కొలిమిలో కాలిన ఇనుమును తలపించును. కవాటము కొద్దిగా తెరచుకొనుటతోనే ఆ వాయువు ఒక్క తోపున గొట్టములో పడును. సోడాసీసాలోని గోలీని నొక్కినప్పుడు వెలువడు శబ్దమునకును దీనికిని మూలము ఒక్కటే: అణగియున్న వాయువు హఠాత్తుగా విడుదల యగుట. సోడాసీసాలో అది ఒక్కసారితో తీరిపోవును. ఇంజనులో నిమిషమునకు వందల, వేల పర్యాయములు జరుగును.

జర్మనీలో కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న పేటెంటు కోరిన మూడుచక్రముల బండికి ఒకటే సిలిండరు. దాని ఇంజను నిమిషమునకు సుమారు 400 చుట్లు తిరిగెడిది. శక్తి ముప్పాతిక అశ్వశక్తి. రెండు చుట్లకు ఒక పేలుడు చొప్పున లెక్కించినచో సెకనుకు మూడుకు పైచిలుకు "టప్పు టప్పు"లు. అప్పటి వీధులన్నియు గుఱ్ఱపుబండ్లతో నిండియుండెడివి. కారును చూచి కాక, దాని చప్పుడు విని గుఱ్ఱములు బెదరి పరుగెత్తుట ఆనాటి పెద్ద తగవు. కారు వీధిలో తిరుగవలెనన్న మొదట దాని నోరు మూయించవలసి వచ్చెను.

అమెరికాలో ఇండియానా రాష్ట్రమునందలి కొలంబస్ పట్టణమున మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అను సోదరులు ఈ పనికి పూనుకొని 1897లో ఇంజను చప్పుడు తగ్గించు పెట్టెకు పేటెంటు పొందిరి. తాము చేసిన బండి చప్పుడే వారిచేత ఈ పని చేయించినది. (ఈ మిల్టన్ రీవ్సే 1911లో ఎనిమిది చక్రముల కారు నొకదానిని తయారుచేసి లోకమును ఆశ్చర్యపరచెను. దానిని కొనువారు మాత్రము దొరకలేదు.) తరువాతి కాలమున ప్రతి కారు కింద ఏదో ఒక డబ్బా వ్రేలాడసాగెను. డబ్బాలో బెజ్జముల రేకులు, అడ్డుపలకలు, కొన్నింట ఇనుప రజనును కూడ కూరిరి. పొగ వంకరటింకరగా తిరిగి అలసిపోయి బయటికి వచ్చినచో చప్పుడు చేయదని వారి తలంపు.

చప్పుడు తగ్గిన మాట నిజమే. కాని దానితోబాటు బండియు నీరసించినది. ఇందలి కారణమును వంటింటిలోనే తెలిసికొనవచ్చును. ఊదుగొట్టముతో పొయ్యి ఊదునప్పుడు గొట్టము చివరను వ్రేలితో సగము మూసి చూడుడు. బుగ్గలు ఉబ్బి నొప్పిపెట్టును. అంతే గాలిని పంపుటకు ఎక్కువ ఒత్తిడి కావలసి వచ్చుటయే దీనికి హేతువు. ఇంజనులో ఊదునది నాలుగవ గతిలోని పిస్టను. గొట్టములో అడ్డులు పెరిగినకొలది అది ఎక్కువ బలముతో నెట్టవలెను. దీనిని ఎదురొత్తిడి అందురు.

ఎదురొత్తిడి తినివేయు శక్తిని లెక్కకట్టుట కష్టము కాదు. నాలుగు సిలిండర్ల ఇంజనుకు ఒక్కొక్క పిస్టను వ్యాసము 9 సెంటీమీటర్లు, గతి నిడివి సుమారు 12 సెంటీమీటర్లు అనుకొందము. మొత్తము మూడు లీటర్ల ఇంజను. సైలెన్సరు అడ్డువలన చదరపు సెంటీమీటరుకు 200 గ్రాముల ఎదురొత్తిడి ఏర్పడినదనుకొందము. పిస్టను వైశాల్యము సుమారు 64 చదరపు సెంటీమీటర్లు గనుక ప్రతి పిస్టను దాదాపు 13 కిలోగ్రాముల బరువును మోయుచు పైకి పోవలెను. ఇంజను నిమిషమునకు 1,500 చుట్లు తిరిగిన ఇట్టి మోతలు నాలుగు సిలిండర్లకు కలిపి నిమిషమునకు 3,000. అన్నిటికి అగు ఖర్చు దాదాపు ఒక అశ్వశక్తి. ఇరువది అశ్వశక్తుల కారులో ఇది ఇరువదవ వంతు. ఇంతటితో నష్టము తీరదు. పూర్తిగా వెడలిపోని కాలిన వాయువు సిలిండరులో మిగిలి క్రొత్త మిశ్రమమునకు చోటు తగ్గించును. ఆ మేరకు తరువాతి పేలుడు బలహీనమగును.

మరియొక చిక్కు. గొట్టములో వాయువేగము రెట్టింపైనచో ఎదురొత్తిడి సుమారుగా నాలుగింతలగును. చుట్లసంఖ్యయు రెట్టింపగును గనుక శక్తినష్టము ఎనిమిదింతలు. మెల్లగా పోవునపుడు తెలియని సైలెన్సరు ఎత్తు ఎక్కునపుడు మెడపట్టుకొనును.

ఆనాటి తయారీదారులు దీనికి కనుగొన్న ఉపాయము తెలివైనదే కాని సత్ప్రవర్తన కాదు. సైలెన్సరునకు ముందు గొట్టములో ఒక తలుపు పెట్టి, దానిని కాలితో తొక్కి తెరచు ఏర్పాటు చేసిరి. దీనిని కటౌట్ అనిరి. ఎత్తు ఎక్కవలసినపుడు తలుపు తెరచినచో పొగ సైలెన్సరును తప్పించుకొని తిన్నగా బయటపడును, శక్తి కలిసివచ్చును. అయితే తలుపు ఎత్తువద్దనే తెరచుకొనునను నమ్మకము లేదు. కుర్రకారు నడిబజారులో దానిని తెరచి ఊరందరికి తమ రాకను చాటసాగిరి. క్రమముగా నగరములు, దేశములు దానిని నిషేధించెను. నేడును మోటారుసైకిలు సైలెన్సరులోని లోగొట్టములను ఊడదీయించుకొని వీధులదరగొట్టువారు కలరు. అట్టి సైలెన్సర్లను పోలీసులు రోడ్డురోలరు కింద తొక్కించిన సందర్భములు కలవు. వారికి చప్పుడు వచ్చినంత శక్తి రాదు. ఏలయన నేటి సైలెన్సరు నాటి రేకుడబ్బావలె పొగను ఆపి చప్పుడును ఆపునది కాదు.

మరి ఏమి చేయును? ఇచట భౌతికశాస్త్రము రంగములోనికి దిగినది. గొట్టములో పోవునవి రెండు: ఒకటి వాయువు, రెండవది ఆ వాయువులో ప్రయాణించు శబ్దతరంగము. వాయువు నెమ్మదిగా నడచును. తరంగము దానికంటె ఎంతో వడిగా పరుగిడును. ఈ రెంటిని వేరుచేసి, వాయువును పోనిచ్చి తరంగమును వెనుకకు త్రిప్పగలిగినచో ఎదురొత్తిడి పెరుగకుండగనే చప్పుడు తగ్గును. తొలి తయారీదారులకు ఈ భేదము స్పష్టముగా తెలియలేదు. తెలిసిన తరువాతనే సైలెన్సరు శాస్త్రమైనది.

తరంగము వెనుకకు తిరుగుటకు గోడయే ఉండనక్కరలేదు. దారి హఠాత్తుగా వెడల్పైనను, హఠాత్తుగా ఇరుకైనను కొంత తరంగము తిరుగుముఖము పట్టును. సన్నని గొట్టము ఒక వెడల్పైన పెట్టెలోనికి తెరచుకొని, ఆవలివైపున మరల సన్నని గొట్టమైనచో, ఆ పెట్టెను వ్యాకోచపేటిక అందురు. పెట్టె వ్యాసము గొట్టపు వ్యాసమునకు రెండింతలైనచో, అనుకూలమైన స్వరమునకు శబ్దశక్తిలో నాలుగవ వంతు కంటె కొంచెము తక్కువ బయటపడును. మూడింతలైన ఇరువది యొకటవ వంతు. నాలుగింతలైన అరువది నాలుగవ వంతు మాత్రమే. మధ్యలో ఒక్క అడ్డుపలకయైనను లేదు. వాయువునకు పెద్ద బాధ లేదు. లారీ కింద పొడుగుపాటి పీపా వంటి సైలెన్సరు ఉండుటకు కారణమిదే.

"అనుకూలమైన స్వరమునకు" అను మాటను గమనింపవలెను. పెట్టె నిడివి తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతైనపుడు ఫలితము ఉత్తమము. నిడివి సరిగా సగము తరంగదైర్ఘ్యమైనపుడు పెట్టె ఉన్నను లేనట్లే. ఆ స్వరము నిరాటంకముగా దాటిపోవును. సాధారణపు గాలిలో శబ్దవేగము సెకనుకు సుమారు 350 మీటర్లు. 500 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల పొగలో అది సుమారు 555 మీటర్లు. కావున 60 సెంటీమీటర్ల పెట్టె సెకనుకు 230 కంపనముల స్వరమును బాగుగా ఆపును గాని, 460 కంపనముల స్వరమును వదలివేయును. అందువలన వేర్వేరు నిడివిగల రెండు మూడు పెట్టెలను వరుసగా అమర్చుదురు. ఒకటి వదలినదానిని మరియొకటి పట్టుకొనును.

బొంగురు స్వరముల విషయములో ఈ పెట్టె అంత బలమైనది కాదు. నాలుగు సిలిండర్ల ఇంజను 1,500 చుట్లు తిరుగునపుడు సెకనుకు 50 పొగతోపులు వెలువడును. ఆ 50 కంపనముల స్వరమునకు తరంగదైర్ఘ్యము 11 మీటర్లు. దానికి నాలుగవ వంతు పెట్టె కావలెనన్న దాదాపు 3 మీటర్లుండవలెను. అది కారు కింద పట్టదు. వ్యాసము నాలుగింతలున్నను 60 సెంటీమీటర్ల పెట్టె ఆ స్వరములో ఎనిమిదవ వంతును పోనిచ్చును. రాత్రివేళ మాచర్ల రోడ్డున పోవు లారీ టపటపలు వినబడక, దాని గుర్రుమను ధ్వని మాత్రము దూరమునుండి వినవచ్చుటకు ఇదియొక కారణము.

బొంగురు స్వరమును పట్టుటకు వేరొక ఉపాయము కలదు. జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ పందొమ్మిదవ శతాబ్దమున సంగీతస్వరములను విడదీయుటకై ఇరుకుమెడ బుడ్లను వాడెను. ప్రతి బుడ్డికి తనదైన ఒక స్వరముండును. ఆ స్వరము సోకినచో మెడలోని గాలి ఊగిసలాడును. పొగగొట్టమునకు ప్రక్కగా అట్టి బుడ్డి నొకదానిని తగిలించినచో ఆ స్వరమును అది తిప్పికొట్టును. వాయువు మాత్రము తన దారిన తాను పోవును. దీనిని తరగతిలో చూపుట సులభము. ముప్పాతిక లీటరు సీసాకు రెండు సెంటీమీటర్ల వెడల్పు, ఏడు సెంటీమీటర్ల నిడివి గల మెడ ఉన్నదనుకొందము. మూతిమీదుగా ఊదినచో సెకనుకు సుమారు 120 కంపనముల స్వరము వెలువడును. సీసాను సగము నీటితో నింపి మరల ఊదినచో స్వరము హెచ్చి 175 దరిదాపునకు వచ్చును. లోపలి గాలి సగమైనచో స్వరము రెండింతలు కాక 1.4 రెట్లే అగును. రెండు యొక్క వర్గమూలము అదియే గదా. హార్మోనియము ప్రక్కన పెట్టుకొని విద్యార్థులు దీనిని సరిచూడవచ్చును.

1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు జి. డబ్ల్యు. స్టూవర్టు ఇట్టి పెట్టెలకును ప్రక్కబుడ్లకును గణితము కట్టి, ఏ స్వరము ఆగునో ఏది పోవునో ముందుగనే చెప్పవచ్చునని చూపెను. 1954లో ఆ దేశపు విమానశాస్త్ర సలహా సంఘము అనేక నమూనాలను పరీక్షించి ప్రకటించిన నివేదిక నేటికిని ఇంజనీర్లకు మార్గదర్శకము. అంతకు ముందటి తరమువారు ఇదంతయు చేతివాటముతోను చెవితోను సాధించిరనుట విశేషము.

వారిలో హైరమ్ పెర్సీ మాక్సిమ్ ఒకడు. ఇతని తండ్రి మరతుపాకిని కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్. కుమారుడు తుపాకి చప్పుడును అణచు గొట్టమునకు 1909లో పేటెంటు పొందెను. తండ్రి లోకమునకు చెవుడు తెచ్చునది చేసెను, కుమారుడు దానికి మందు వెదకెను. అంతకు పూర్వము అతడు మోటారుబండ్ల తయారీలో పనిచేసినవాడే. పొగను సుడి తిప్పి దాని ఉద్రేకమును అణచుట అతని పద్ధతి. తరువాత అతని కంపెనీ ఇంజన్లకును సైలెన్సర్లు చేసినది. ఈ సుడి మరల పత్తిమిల్లువద్ద అక్కరకు వచ్చును.

నిశ్శబ్దమునకు పేరుపొందిన తొలికాలపు కారును తెలుగువారు దూరము పోకయే చూడవచ్చును. హైదరాబాదు చౌమహల్లా భవనమున 1912 నాటి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ "సిల్వర్ ఘోస్ట్" కారు కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ దానిని కోరి చేయించుకొనెను. అది వచ్చులోపలనే, 1911లో ఆయన మరణించెను. ఆ జాతి కారుకు "వెండి భూత"మను పేరు వచ్చుటకు చప్పుడు చేయక పోవుటయే కారణము. 1907లో లండను, గ్లాస్గో నగరముల మధ్య దానిని మరల మరల తిప్పి, సుమారు 15,000 మైళ్ళు పరిశీలకుల సమక్షమున పరీక్షించిరి. ఆ నిశ్శబ్దములో సైలెన్సరు పాత్ర కొంతయే. ఇంజనుకు ఆరు సిలిండర్లు. చుట్లు నిమిషమునకు 1,200 మాత్రమే. సెకనుకు 60 చిన్న తోపులు ఒకదాని వెంట ఒకటి వచ్చుటచేత బెంజి బండి "టప్పు టప్పు"నకు బదులు ఎడతెగని ఊపిరివలె పొగ వెలువడును. చప్పుడును పుట్టినచోటనే తగ్గించినచో తరువాత అణచు పని తేలిక. అయితే నిజాము ధనము అందరికి లేదు. సామాన్యుని కారుకు ఒకటి రెండు సిలిండర్లతోనే సరిపెట్టవలసియుండెను.

ఇక పరీక్ష. సైలెన్సరు మంచిదని చెప్పుటకు రెండు అంకెలు కావలెను: అది ఎంత చప్పుడును తగ్గించినది, ఎంత శక్తిని తినివేసినది. శక్తిని కొలుచుటకు సాధనములు కారుకంటె ముందే ఉన్నవి. ఫ్రాన్సులో ప్రోనీ 1821లో చేసిన బ్రేకు మిక్కిలి సులభమైనది. ఇంజను చక్రమును కొయ్యదిమ్మెలతో బిగించి, దిమ్మెలకు పొడుగాటి చేయి తగిలించి, ఆ చేతి చివర ఎంత బరువు పెట్టినచో నిలకడగా ఉండునో చూడవలెను. బరువును, చేతి నిడివిని, చుట్లసంఖ్యను గుణించినచో శక్తి తేలును. ఇంగ్లండున విలియం ఫ్రౌడ్ 1877లో కొయ్యకు బదులు నీటిని వాడి దీనిని మెరుగుపరచెను. ఇంజనును బల్లమీద బిగించి, ముందు ఒట్టి గొట్టముతో నడిపి శక్తిని కొలిచి, పిమ్మట సైలెన్సరు తగిలించి అదే చుట్లవద్ద మరల కొలువవలెను. రెంటి తేడాయే సైలెన్సరు పుచ్చుకొను సుంకము. సైలెన్సరునకు ముందు గొట్టమునకు చిన్న బెజ్జము పెట్టి, పాదరసము పోసిన వంపుగాజుగొట్టమును కలిపినచో ఎదురొత్తిడి కంటికి కనబడును. పైన చెప్పిన 200 గ్రాముల ఒత్తిడికి పాదరసము దాదాపు 15 సెంటీమీటర్లు లేచును. నీటితో కొలువవలెనన్న రెండు మీటర్ల గొట్టము కావలెను.

చప్పుడు కొలత మాత్రము చిరకాలము చెవికే వదలవలసి వచ్చెను. చెవి గొప్ప సాధనమే గాని కొలబద్ద కాదు. శబ్దశక్తి సగమైనచో చెవికి స్వల్పభేదమే తోచును. పదవ వంతైనచో "సగము తగ్గినది" అనును. సైలెన్సరు అమ్మువాడు తన సరుకు చప్పుడును సగము చేయుననినచో ఏ సగమని అడుగుట మంచిది. 1920 తరువాతి దశకమున అమెరికాలోని టెలిఫోను పరిశోధనశాలలు డెసిబెల్ అను కొలతను వాడుకలోనికి తెచ్చినవి. శక్తి సగమగుట 3 డెసిబెల్‌లు. పదవ వంతగుట 10. నాలుగింతల వెడల్పు పెట్టె అరువది నాలుగవ వంతునే పోనిచ్చునని చెప్పితిమి గదా; ఆ తగ్గింపు 18 డెసిబెల్‌లు. మైక్రోఫోను, డెసిబెల్ వచ్చిన తరువాతనే ఇరువురు తయారీదారుల సైలెన్సర్లను తగవు లేకుండ పోల్చుటకు వీలు కలిగినది.

మన దేశపు చట్టములో ఈ చరిత్రయంతయు ఒక్క వాక్యమున ఇమిడియున్నది. 1989 కేంద్ర మోటారు వాహనముల నియమావళిలో 120వ నియమము, ప్రతి వాహనమునకు వ్యాకోచపేటిక వలనగాని మరియొక విధముగాగాని పొగ చప్పుడును సాధ్యమైనంత తగ్గించు సైలెన్సరు ఉండవలెనని శాసించుచున్నది. భౌతికశాస్త్రపు మాట చట్టములో దొరలిన అరుదైన తావు ఇది.

చప్పుడు చేయని విషమును గూర్చియు రెండు మాటలు చెప్పవలెను. గాలి చాలక పెట్రోలు అరకొరగా కాలినపుడు కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె దానిని రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. గాలిలో వెయ్యి పాళ్ళకు నాలుగు పాళ్ళున్నను గంటలోపల ప్రాణము పోవచ్చును. పాతకాలపు కార్ల పొగలో అది నూటికి ఒకటినుండి ఏడు పాళ్ళవరకు ఉండెడిది. పొగగొట్టము పగిలి పొగ బండిలోనికి వచ్చినను, తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడిపినను కలుగు అపాయమిది. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కరవై తెలుగు జిల్లాలలో బొగ్గు బస్సులు నడచినవి. వెనుక తగిలించిన కొలిమిలో బొగ్గును అరకొరగా కాల్చి తీసిన ఈ వాయువే వాటికి ఇంధనము. ఒకరికి విషమైనది వేరొకచోట పెట్రోలుకు మారుగా నిలిచినది. ఆ బస్సుల ఇంజన్లు సగము బలముతో ఈడ్చుకొనిపోవుచుండెడివి గనుక ఎదురొత్తిడి ఏ కొంచెము పెరిగినను ఎత్తువద్ద జనము దిగి తోయవలసి వచ్చెడిది.

ఇప్పుడు మిల్లు గేటువద్దనున్న లారీకి రావచ్చును. పొగగొట్టమునుండి వెలువడు నిప్పురవ్వ ఇంధనపు మంట కాదు. అది కాలుచున్న మసిపెచ్చు. ఇంధనము ఎక్కువై గాలి చాలనపుడు, అరిగిన పిస్టను రింగుల సందున నూనె కాలినపుడు మసి పుట్టి గొట్టపు గోడలకును సైలెన్సరు లోపలను పేరుకొనును. బండి నిలిచి ఇంజను మెల్లగా నడచుచున్నంతసేపు మసి పేరుకొనుచునే యుండును. పొగవేగము చాలదు గనుక ఊడిరాదు. డ్రైవరు హఠాత్తుగా ఆక్సిలరేటరు తొక్కినపుడు పొగ వేడియు వేగమును ఒక్కసారిగా పెరిగి, పెచ్చులు ఊడి ఎఱ్ఱగా కాలుచు ఎగిరి పడును. ఇప్పుడు మిల్లు వాకిటిని తలచుకొనుడు. తూనికకు వరుసలో గంటసేపు ఇంజను ఆపకుండ నిలిచిన లారీ, వంతు రాగానే నిండుబరువుతో ఒక్క ఊపున కదలును. రవ్వలు రాలుటకు అంతకంటె అనువైన క్షణము లేదు. ఆ క్షణము దూదిగుట్టల నడుమనే వచ్చుచున్నది.

దూది అంటుకొనుటకు సుమారు 400 డిగ్రీల వేడి చాలును. ఎఱ్ఱగా కనబడు మసిపెచ్చు వేడి అంతకంటె ఎక్కువ. పైపైని పడినచో మంట కనబడును, ఆర్పవచ్చును. రవ్వ పడిన పత్తి జిన్నింగు దాటి బేలులో అణగిపోయినచో కథ వేరు. గాలి అందక మంట లేవదు. లోలోపల కుములుచు దినములతరబడి ఉండి, గోడౌనులో ఎప్పుడో బయటపడును. ఒక రైతు ఏడాది కష్టము, దానితోబాటు ప్రక్కనున్న పదిమంది సరుకు, బూడిద యగుటకు మిల్లీమీటరు పెచ్చు చాలును.

రవ్వను ఆపు ఉపాయములు రెండు. మొదటిది వల. దాని కన్నులు అర మిల్లీమీటరునకు కొంచెము హెచ్చుగా ఉండును. అంతకంటె పెద్ద పెచ్చులు ఆగిపోవును. సన్నని రేణువులు దాటినను దూదిని అంటించునంత వేడి వానిలో మిగులుట అరుదు. రెండవది మాక్సిమ్ సుడి. వంపురేకులమీదుగా పొగను గిరగిర తిప్పినచో బరువైన పెచ్చులు అంచుకు విసరబడి, ప్రక్క అరలో పడి చల్లారును. తేలికైన వాయువు నడుమనుండి పోవును. కవ్వముతో చిలుకునపుడు చుక్కలు కుండ అంచుకు చిందుటకును ఇదే సూత్రము.

డ్రైవరు ఫిర్యాదు వలపద్ధతికే ఎక్కువగా తగులును. శుభ్రమైన వల తగినంత వెడల్పుగా ఉన్నచో దాని ఎదురొత్తిడి లెక్కలోనిది కాదు. మసి పట్టి కన్నులలో సగము మూసికొనిపోయినచో మిగిలిన కన్నులలో పొగవేగము రెట్టింపై, వలవద్ద ఎదురొత్తిడి నాలుగింతలగును; ముప్పాతిక మూసికొనినచో పదునారింతలు. బండి లాగదనుట ఇప్పుడు నూటికి నూరుపాళ్ళు నిజము. పైగా సిలిండరులో కాలిన వాయువు మిగిలిపోయి, క్రొత్త గాలి తగ్గి, మసి మరింత పుట్టి, వల మరింత మూసికొనును. మేకుతో పొడిచిన బెజ్జము ఈ చిక్కును విప్పును గాని, పెచ్చు పోవుటకును అదియే రాజమార్గము. వలను ఊడదీసి దులుపుటకు పట్టు కాలము పది నిమిషములు. కిరోసినులో నానబెట్టి కుంచెతో రుద్ది ఆరనిచ్చి, వెలుతురుకు ఎత్తిపట్టి చూచినచో మూసికొనిన కన్నులన్నియు తెలియును. సుడిపద్ధతి తొడుగునకు మసి అరను ఖాళీచేసిన చాలును.

2020 ఏప్రిలు నుండి మన దేశమున అమ్ము క్రొత్త బండ్లకు కాలుష్య నియమములు కఠినమైనవి. క్రొత్త డీజిలు లారీలలో పెక్కింటికి పొగగొట్టములోనే మసిని పట్టు జల్లెడ ఉండును. రవ్వలు మిక్కిలి అరుదు. అయితే ఆ జల్లెడ తనలో నిండిన మసిని తానే కాల్చివేసికొనును. అప్పుడు లోపలి వేడి 600 డిగ్రీల వరకు పోవును. రవ్వ రాకపోయినను, ఆ గొట్టమునకు తగిలియున్న దూదిపింజయో ఎండుగడ్డియో అంటుకొనవచ్చును. ట్రాక్టర్లును పాత లారీలును ఇంకను చాలకాలము పత్తి మోయుచునే యుండును గనుక, మిల్లు వాకిట రెండు రకముల నిప్పులకును జాగ్రత్తపడవలసియున్నది. పాతబండికి శుభ్రమైన వల ఉండవలెను; క్రొత్తబండి కింది నేలను ఊడ్చియుంచవలెను. ఏ బండియైనను వరుసలో నిలిచినంతసేపు ఇంజను ఆపి, కదలునపుడు ఆక్సిలరేటరును మెల్లగా తొక్కినచో మసి పెచ్చు కట్టుటకును, ఊడి ఎగురుటకును అవకాశము తగ్గును.